మూర్ఛరోగమూ, హిప్పోక్యాంపస్‌లోని నాడీవలయాలూ: ఒక విమర్శ

మూర్ఛ అంటే మెదడులో చెలరేగే విద్యుత్ తుఫాను అని చెప్పడం వాడుకైపోయినది. పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఈ పోలిక సులభం. వినే విద్యార్థికి గుర్తుంటుంది. తుఫాను అంటే ఏమిటో ఉత్తరాంధ్రలో ఎవరికీ వివరించనక్కరలేదు. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను కొండలెక్కి అరకులోయ దాకా వచ్చి, కాఫీతోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను సైతం పడగొట్టినది. అయినా ఈ పోలికలో ఒక లోపం ఉన్నది. తుఫాను ఎక్కడో సముద్రంలో పుట్టి వస్తుంది, విరుచుకుపడుతుంది, పోతుంది. ఊరు తుఫానును పుట్టించదు. మూర్ఛరోగి మెదడు సంగతి అట్లా కాదు. అక్కడ వలయమే మారి ఉంటుంది. రెండు మూర్ఛల నడుమ, పిల్లవాడు చక్కగా బడికి వెళ్ళి వస్తున్న రోజులలో కూడా ఆ మార్పు అట్లాగే ఉంటుంది. ఆ మార్పు ఒక్కరోజున వచ్చినది కాదు. ఏళ్ళ తరబడి లోలోపల జరిగినది. తుఫాను అనే మాట ఈ కాలాన్ని కప్పివేస్తున్నది.

అంతకంటె మంచి పోలిక మన్యంలోనే దొరుకుతుంది. కొండవాలు మీద అడవి దట్టంగా ఉన్నన్నాళ్ళు వాన ఎంత కురిసినా నీరు ఇంకి, ఆగి, మెల్లగా గెడ్డలోకి దిగుతుంది. చెట్లు పోయిన కొన్నేళ్ళకు వాలు మీద కొత్త కాలువలు పడతవి. ఆ తరువాత మామూలు వానకే గెడ్డ పొంగుతుంది. వాన మారలేదు, వాలు మారినది. మూర్ఛరోగాన్ని గురించి గత శతాబ్దంన్నర కాలంలో జరిగిన పరిశోధనలో చాలా భాగం ఈ వాలును గురించినదే. ఆ పరిశోధన చెప్పినదానిలో గట్టిది ఎంత, ఊహ ఎంత అన్నది వేరు చేసి చూడవలసి ఉన్నది.

అన్ని రకాల మూర్ఛలకూ మూలం ఒకే చోట ఉండదు. పెద్దవారిలో తరచు కనబడేదీ, మందులకు లొంగకుండా మొండికేసేదీ అయిన ఒక రకం, కణతల లోపలి వైపున ఉండే టెంపొరల్ లోబ్ అనే భాగంలో పుడుతుంది. ఆ భాగపు లోతట్టున వంపు తిరిగి ఉండేదే హిప్పోక్యాంపస్. సముద్రపు గుర్రం అనే చేప ఆకారాన్ని పోలి ఉన్నదని 16వ శతాబ్దంలో బొలోనా నగరపు శరీరశాస్త్రజ్ఞుడు అరాంటియస్ దీనికి ఈ పేరు పెట్టినాడు. ఇది జ్ఞాపకాలు ఏర్పడడానికి ముఖ్యమైన స్థానమని లోకానికి తెలిసివచ్చినది కూడా మూర్ఛ వలననే. 1953లో అమెరికాలో మొండి మూర్ఛతో బాధపడుతున్న ఒక యువకునికి రెండు వైపులా ఈ భాగాన్ని చాలావరకు కోసి తీసివేసినారు. మూర్ఛ తగ్గినది గాని, ఆ తరువాత జరిగిన విషయమేదీ అతనికి జ్ఞాపకం నిలువలేదు. స్కోవిల్, మిల్నర్ అనే ఇద్దరు ఈ సంగతిని 1957లో ప్రకటించినారు.

హిప్పోక్యాంపస్‌లోని ప్రధాన వలయం కాగితం మీద గీయడానికి తేలికైనది. మెదడు పై పొరల నుండి వచ్చే వార్తలు మొదట డెంటేట్ గైరస్ అనే పట్టీలోని గ్రాన్యూల్ కణాలకు అందుతవి. వాటి తంతువుల పొడుగునా చిన్న చిన్న ఉబ్బులుండి నాచు పట్టినట్లు కనబడుతవి గనుక వాటికి నాచు తంతువులని పేరు. నాచు తంతువులు సిఏ3 అనే ప్రాంతపు పిరమిడ్ కణాలను, అవి సిఏ1 ప్రాంతపు పిరమిడ్ కణాలను ప్రేరేపిస్తవి. అక్కడి నుండి వార్త బయటికి పోతుంది. గ్రాన్యూల్ కణాలు మితభాషులు. పది వార్తలు వచ్చినా ఒకదానికి పలుకుతవో లేదో. అందువలన డెంటేట్ గైరస్‌ను ద్వారంతో పోల్చడం పరిపాటి. ఈ మితభాషిత్వం ఊరక వచ్చినది కాదు. చుట్టూ ఉన్న నిరోధక కణాలు గాబా అనే రసాయనాన్ని విడుదల చేసి వాటిని అదుపులో ఉంచుతవి. పైన చెప్పిన పోలికలో ఈ కణాలే చెట్లు.

రోగుల మెదళ్ళలో ఈ భాగం కుంచించుకొని గట్టిపడి ఉన్నదని 1825లోనే ఫ్రాన్సులో బూషే, కాజోవియే అనే వైద్యులు శవపరీక్షలలో గమనించినారు. 1880లో జర్మన్ వైద్యుడు సోమర్ సూక్ష్మదర్శిని సాయంతో, ముఖ్యంగా సిఏ1 ప్రాంతంలో పిరమిడ్ కణాలు నశించినట్లు చూపినాడు. కణాలు పోయిన చోట గ్లియా కణాలు మచ్చకట్టినట్లు పెరుగుతవి. అప్పటి నుండి ఒక ప్రశ్న తెగకుండా నిలిచినది. ఈ నాశనం వలన మూర్ఛలు వచ్చినవా, మూర్ఛల వలన ఈ నాశనం జరిగినదా? చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్లున్న ఈ ప్రశ్న ఒక వందేళ్ళు వైద్యులను రెండు పక్షాలుగా చీల్చినది. రెండూ కొంతకొంత నిజమని ఇప్పుడు అంగీకరిస్తున్నారు. సరైన ప్రశ్న అది కాదనడం మరింత సబబు. కణాలు పోవడం ఎవరికైనా కనబడుతుంది. మిగిలిన కణాలు ఏమి చేసినవన్నదే అసలు కథ.

ఈ కథకు 1985లో ఒక నాయకుడు దొరికినాడు. టౌక్, నాడ్లర్ అనే శాస్త్రజ్ఞులు కైనిక్ ఆమ్లం అనే విషంతో ఎలుకల హిప్పోక్యాంపస్‌లో కణాలను దెబ్బతీసి చూడగా, నాచు తంతువులు తమ పాత గమ్యాలు కోల్పోయి వెనుకకు తిరిగి, తాము పుట్టిన గ్రాన్యూల్ కణాల పొరలోకే కొత్త కొమ్మలు వేసినవి. 1989లో సుతులా బృందం శస్త్రచికిత్సలో తీసిన రోగుల మెదడు ముక్కలలో ఇదే మొలకలను చూపినది. ఒక గ్రాన్యూల్ కణం పలికితే ఆ పలుకు తిరిగి దాని ఇరుగుపొరుగు కణాలకే చేరుతుంది. అవి పలికితే మళ్ళీ దీనికి. సభలో మైకును స్పీకరు ముందు పెడితే కూత పుట్టినట్లే అన్నమాట. ద్వారపాలకులే గుంపుగా కేకలు వేస్తే ఇక ద్వారం ఎక్కడిది? సిద్ధాంతం ఎంత చక్కగా అమరినదంటే, ఇరవై ఏళ్ళపాటు హిప్పోక్యాంపస్ మూర్ఛను గురించి వ్రాసిన ప్రతి గ్రంథంలోనూ ఈ నాచు మొలకల బొమ్మ తప్పనిసరి అయినది.

చక్కగా అమరినదన్నదే అనుమానించవలసిన మొదటి కారణం. నాచు తంతువుల కొనలలో జింకు లోహం అధికంగా ఉంటుంది. టిమ్ పద్ధతి అనే రంజన విధానం జింకు ఉన్నచోటనెల్ల ముదురు రంగు వేస్తుంది. కాబట్టి హిప్పోక్యాంపస్‌లో జరిగే మార్పులన్నిటిలో ఈ మొలకలే అద్దపు పలక మీద నల్లగా, స్పష్టంగా, ఫోటో తీయడానికి వీలుగా కనబడినవి. ఇతర తంతువులు కూడా కొత్త కొమ్మలు వేస్తవి. సిఏ1 కణాలు తమలో తాము కొత్త సంబంధాలు కలుపుకొంటవి. వాటికి అంత చక్కగా రంగు పట్టదు గనుక అంత పేరు రాలేదు. కనబడినది కారణమని నమ్మడం శాస్త్రంలో పాత జబ్బే.

రెండవది, కొత్త కొమ్మలు గ్రాన్యూల్ కణాల మీదనే గాక నిరోధక కణాల మీద కూడా వాలుతవి. అంటే ఆ మొలకలు కొంత ఎగదోస్తవి, కొంత అణచివేస్తవి. గాయాన్ని పూడ్చుకొనే ప్రయత్నంలో భాగమేమో అని వాదించినవారూ ఉన్నారు. మూడవది అన్నిటికంటె గట్టి దెబ్బ. రాపమైసిన్ అనే మందు నాచు మొలకలను అణచగలదు. 2011లో బక్‌మాస్టర్, లూ అనేవారు పైలోకార్పిన్‌తో మూర్ఛరోగం తెప్పించిన చుంచుఎలుకలకు ఆ మందు ఇచ్చి చూచినారు. మొలకలు బాగా తగ్గినవి. మూర్ఛల సంఖ్య మాత్రం తగ్గలేదు. నాయకుడు రంగం నుండి తప్పుకొన్నా నాటకం ఆగలేదు! మొలకలకు రోగంతో ఏ సంబంధమూ లేదని దీని అర్థం కాదు. అవి లేకున్నా రోగం నడవగలదని మాత్రమే.

పోటీ సిద్ధాంతం ఒకటి స్లొవిటర్ అనే శాస్త్రజ్ఞుడు 1987 ప్రాంతంలో తెచ్చినాడు. నిరోధక కణాలలో ముఖ్యమైన బాస్కెట్ కణాలు చావలేదు, నిద్రపోయినవి అన్నాడు. వాటిని మేలుకొలిపే మాసీ కణాలు ముందుగా నశించడం వలన అవి బతికి ఉండి కూడా పనిచేయడం లేదని ఆయన వాదం. నాచు తంతువులు వేరు, మాసీ కణాలు వేరు. పేర్లు దగ్గరగా ఉండి విద్యార్థులను తికమక పెడుతున్నవి గాని ఈ పేర్లు పెట్టినవారిని ఇప్పుడు అడగలేము. తరువాతి కొలతలు కొందరి చేతిలో ఈ వాదాన్ని బలపరచినవి, మరికొందరి చేతిలో బలపరచలేదు. అయినా ఈ ఆలోచనకు ఒక విలువ ఉన్నది. వాలు మీద చెట్లను లెక్కించినంత మాత్రాన నీరు ఎట్లా పారుతుందో చెప్పలేమన్న సంగతిని అది గుర్తుచేసినది. నిలిచి ఉన్న చెట్టు వేళ్ళు పట్టు తప్పి ఉండవచ్చును.

2002లో ఇంకొక వింత బయటపడినది. పారిస్‌లో కోహెన్, మైల్స్ మొదలైనవారు రోగుల నుండి తీసిన మెదడు పొరలను సజీవంగా ఉంచి పరీక్షించగా, హిప్పోక్యాంపస్ నుండి వార్తలు బయటికి పోయే చోట ఉన్న సుబిక్యులం అనే భాగంలో కొన్ని పిరమిడ్ కణాలను గాబా అణచడానికి బదులు ప్రేరేపిస్తున్నది. కణం లోపల క్లోరైడు అయాన్ల పాలు మారడం దీనికి కారణం. బ్రేకు తొక్కితే బండి వేగం పెరిగినట్లు. ఇక్కడ చెట్టూ ఉన్నది, దాని పట్టూ ఉన్నది. మారినది నేలలోని ఉప్పు.

ఈ సిద్ధాంతాలన్నిటికీ ఆధారమైన ముక్కలు ఎక్కడివన్నది కూడా చూడాలి. కొన్ని ఎలుకలవి. విషమిచ్చి గంటల తరబడి ఎడతెగని మూర్ఛలో ఉంచిన ఎలుకలు మనుష్య రోగులందరికీ ప్రతినిధులు కాజాలవు. ఎందరో రోగులకు బాల్యంలో అంతటి దెబ్బ తగిలిన చరిత్రే లేదు. మిగిలినవి శస్త్రచికిత్సలో తీసినవి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1952లో జేకబ్ చాందీ మూర్ఛకు శస్త్రచికిత్స ప్రారంభించినాడు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో 1995 నుండి జరుగుతున్నది. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో కూడా ఇటువంటివి చేస్తున్నారు. ఈ చికిత్స మంచిదే. 2001లో కెనడాలో 80 మందిపై జరిగిన పరీక్షలో, శస్త్రచికిత్సకు కేటాయించినవారిలో ఏడాది తరువాత స్పృహ తప్పించే మూర్ఛలు లేనివారు నూటికి 58 మంది; మందుల మీదనే ఉంచినవారిలో 8 మంది. కాని శస్త్రచికిత్స దాకా వచ్చేవారు ఏళ్ళ తరబడి మందులు వాడి విఫలమైనవారు. అంటే శాస్త్రజ్ఞుని బల్ల మీదికి వచ్చేది నాటకపు చివరి అంకం. మొదటి అంకం కనబడదు.

మొదటి అంకాన్ని చూడదలచినవారు కొండలలోకి వెళ్ళవలసి ఉంటుంది. అరకు, పాడేరు ప్రాంతపు జ్వరానికి మైదానవాసులలో మన్యపు జ్వరమని పేరుండేది. దానికి భయపడి ఏజెన్సీలో ఉద్యోగం వేస్తే సెలవు పెట్టేవారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది తెలుగుదేశంలోనే, సికింద్రాబాదులో. తూర్పు కనుమల మలేరియాలో ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకమే చాలాకాలంగా ముఖ్యమైనది. అది మెదడు రక్తనాళాలను పట్టినప్పుడు బిడ్డకు ఈడ్పులు, స్పృహలేమి వస్తవి. బ్రతికి బయటపడిన బిడ్డను ఇంటికి తెచ్చుకొన్న తల్లిదండ్రులు గండం గడిచినదనుకొంటారు. ఆఫ్రికాలోని మలావీలో ఇట్టి 132 మంది పిల్లలను కనిపెట్టి చూడగా 12 మందికి తరువాత మూర్ఛరోగం వచ్చినది. పోలికకు తీసుకొన్న 264 మందిలో ఒక్కరికీ రాలేదు. 2010లో ఇది ప్రకటితమైనది. ఆ మూర్ఛలన్నీ హిప్పోక్యాంపస్ నుండే పుట్టినవనడానికి ఆధారం లేదు. అట్లా అంటే పైన విమర్శించిన తప్పునే మళ్ళీ చేసినట్లవుతుంది.

హిప్పోక్యాంపస్‌కు నేరుగా సంబంధించిన సాక్ష్యం వేరొకటున్నది. అమెరికాలో జ్వరంతో అరగంటకు మించి ఈడ్పులు వచ్చిన పసిపిల్లలను వెనువెంటనే స్కానింగ్ చేయగా, 226 మందిలో 22 మందికి హిప్పోక్యాంపస్ వాచినట్లు కనబడినది. వారిలో ఏడాది తరువాత మళ్ళీ పరీక్షకు దొరికిన 14 మందిలో 10 మందికి అది కుంచించుకొని గట్టిపడినది. రెండు శతాబ్దాల క్రితం శవపరీక్షలో చూచిన మచ్చ బ్రతికున్న బిడ్డలో ఏర్పడుతుండగా చూడడం ఇదే. నిమిషాల లెక్క ఎందుకు ముఖ్యమో ఇక్కడ తేటపడుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వీధి చివర ఉన్న ఊరిలో ఆగగల ఈడ్పులు, డోలీలో కొండ దిగవలసిన పల్లెలో అరగంట దాటిపోతవి.

మూడవ కారణం పంది బద్దెపురుగు. దీని గుడ్లు మనిషి కడుపులో చేరితే పిల్లపురుగులు మెదడులో తిత్తులుగా నిలుస్తవి. వేలూరు ప్రాంతపు జనాభాలో మూర్ఛరోగులను పరీక్షించినప్పుడు దాదాపు మూడింట ఒక వంతుకు ఈ తిత్తుల ఆనవాలు కనబడినది. పందిమాంసం ముట్టనివారికి ఇది రాదన్నది అపోహ. పురుగు మోస్తున్న మనిషి మలం ద్వారా, కడగని కూరల ద్వారా, చేతుల ద్వారా గుడ్లు ఎవరికైనా చేరవచ్చును. ఇట్టి తిత్తి మెదడులో మరెక్కడో ఉన్నా కొందరిలో హిప్పోక్యాంపస్ కూడా గట్టిపడి ఉంటున్నది. దూరపు తిత్తి వలన వచ్చిన మూర్ఛలే దానిని మార్చినవా, రెండూ యాదృచ్ఛికమా అన్నది ఇంకా తేలలేదు.

మూడింటిలోనూ సమానమైనది ఒక్కటే. మొదటి దెబ్బకూ మూర్ఛరోగానికీ మధ్య నెలలో, ఏళ్ళో గడుస్తవి. రెండవ ఏట జ్వరం, పన్నెండవ ఏట మూర్ఛ. నడుమ పదేళ్ళు ఏమీ లేనట్లే ఉంటుంది. ఆ రెంటికీ సంబంధం ఉండవచ్చునని ఇంటివారికి తట్టదు. దిసారి వచ్చి దేవతల అలుక అంటే నమ్ముతారు. ఇందుకు వారిని తప్పుపట్టడం తేలిక. అయితే విద్యుత్ తుఫాను అని చెప్పే పాఠం కూడా ఆ పదేళ్ళను వివరించడం లేదు. ఎలుకలలో ఈ నిగూఢకాలాన్ని నాచు మొలకల కథకు ముందే గాడర్డ్ చూపినాడు. 1969లో ఆయన రోజూ అతి స్వల్పమైన విద్యుత్తుతో ఎలుక మెదడును తాకగా మొదట ఏమీ కాలేదు. కొన్ని వారాలకు అదే స్వల్ప విద్యుత్తుకు ఎలుకకు మూర్ఛ వచ్చినది. మొలకలు, నిద్రపోయే కణాలు, క్లోరైడు అన్నీ పోటీపడి వివరించదలచినది ఈ కాలాన్నే. దేనికది కొంత వివరించినది. ఏదీ మొత్తం వివరించలేదు.

వైద్యం కూడా ఇక్కడనే చిక్కుపడి ఉన్నది. 1912 నుండి వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్ చౌక మాత్ర. 1938లో వచ్చిన ఫినిటాయిన్, ఆ తరువాతివి ఎన్నో ఉన్నవి. ఇవి మూర్ఛలను ఆపుతవి గాని వలయం మారడాన్ని ఆపవు. తలకు తీవ్రమైన గాయం తగిలినవారికి ముందుగానే ఫినిటాయిన్ ఇస్తే మొదటి వారపు మూర్ఛలు తగ్గినవి, తరువాత వచ్చే మూర్ఛరోగం తగ్గలేదని 1990లో తేలినది. ఎలుకలలో ఆశ చూపిన మందు ఏదీ మనుష్యులలో నిగూఢకాలాన్ని తుంచగలదని ఇంతవరకు రుజువు కాలేదు. కాబట్టి అరకు పల్లెలో హిప్పోక్యాంపస్‌ను కాపాడేవి ఇప్పటికి దోమతెర, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష, ఆర్టెమిసినిన్ మందు, మరుగుదొడ్డి, ఈడ్పులను త్వరగా ఆపే ఇంజక్షను. నాడీశాస్త్ర గ్రంథాలలో వీటి ఊసు కనబడదు.

రోగం వచ్చిన తరువాత దానిని మొదట చూచేది తరచు ఆశ్రమ పాఠశాలలోని ఉపాధ్యాయుడు. అయితే ఆయన చూస్తున్నది మూర్ఛ అని ఆయనకు తెలియకపోవచ్చును. హిప్పోక్యాంపస్ మూర్ఛలో పిల్లవాడు ప్రతిసారీ నేలమీద పడి కొట్టుకోడు. ఒకటి రెండు నిమిషాలు శూన్యంలోకి చూస్తాడు, పెదవులు చప్పరిస్తాడు, చొక్కా గుండీతో ఆడుకొంటాడు, పిలిచినా పలకడు. తేరుకొన్నాక ఆ నడుమ చెప్పిన పాఠం అతనికి లేదు. జ్ఞాపకాల వలయమే దెబ్బతిన్నది గనుక నిన్నటి పాఠమూ సరిగా నిలువదు. పరధ్యానమని, మందబుద్ధి అని అతనికి శిక్షలు పడతవి. మూర్ఛకు ముందు కడుపులో నుండి ఏదో పైకి లేచినట్లు ఉంటుందని ఈ రోగులు చెప్పడం వైద్యులకు తెలిసిన లక్షణం. కువి భాషలోనో, కొండల ఒడియాలోనో ఆలోచించే పిల్లవాడు దానిని తెలుగులో చెప్పబోతే కడుపునొప్పిగా తేలుతుంది; కడుపునొప్పి మాత్ర ఇస్తారు.

పడి కొట్టుకొనే మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం ఇప్పటికీ చూస్తున్నదే. ఇనుముకు క్లోరైడు అయాన్ల మీద ఏ అధికారమూ లేదు. చెంచా పళ్ళను విరగ్గొడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టుపక్కల రాళ్ళూ బల్లలూ తొలగించి, గడియారం చూడడమే చేయదగినది. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తరలించవలసినదే. మాత్రలు మొదలైన పిల్లవానికి వానల రోజులలో అవి అయిపోయి హఠాత్తుగా ఆగిపోతే, మానిన కారణంగానే ఎడతెగని మూర్ఛలు రావచ్చును; హాస్టలు అలమరలో నెలకు సరిపడా మాత్రలు ఉన్నవో లేదో చూచుకొనే పని కూడా అక్కడివారిదే. ఎన్ని నిమిషాలు పట్టినదో వ్రాసిన చీటీ, పసితనంలో ఈడ్పులతో జ్వరం ఏ ఏట వచ్చినదో తల్లిని ఆమె భాషలో అడిగి దానికి చేర్చిన ఒక్క వాక్యం పాడేరులోగాని విశాఖపట్నంలోగాని వైద్యుని చేతికి అందితే, స్కానింగ్ చేయించినప్పుడు హిప్పోక్యాంపస్‌ను ప్రత్యేకంగా చూడమని ఆయన వ్రాయగలడు.